బొమ్మ ఉంది, గొంతు లేదు: ఒక పాత వీడియో గేమ్ బోర్డు కేస్ స్టడీ

మే రెండో వారంలో చిత్తూరు నుంచి ఒక పెద్దాయన మామిడికాయల అట్టపెట్టె పట్టుకుని తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులోని మా అంగడికి వచ్చారు. పెట్టెలో పైన ఎండుగడ్డి ఉంది. దాని కింద పాత దినపత్రిక, నాలుగు నాఫ్తలీన్ ఉండలు, అన్నిటికీ అడుగున ఒకదానిపై ఒకటి బిగించిన రెండంతస్తుల సర్క్యూట్ బోర్డు. "బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది నాయనా, గొంతే లేదు" అన్నారు.

నా రోజువారీ పని లాడ్జీల లిఫ్టు బోర్డులు, కల్యాణ మండపాల యాంప్లిఫయర్లు, యూపీఎస్‌లు. వీడియో గేమ్ బోర్డు నా బల్ల మీదికి వచ్చి ఏళ్లు గడిచాయి. ఈయన 1990లలో చిత్తూరు బస్టాండు దగ్గర అయిదు మెషీన్లతో గేమ్స్ అంగడి నడిపారట. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. అంగడి మూసేసినప్పుడు నాలుగు మెషీన్లు పాత ఇనుముకు పోయాయి, ఒకటి మాత్రం మిద్దె మీద మిగిలింది. సెలవులకు వచ్చిన మనవళ్లు దాన్ని దులిపి కరెంటు పెడితే బొమ్మ వచ్చింది. ఊళ్లో ఒక మెకానిక్ యాంప్ ఐసీని, అంటే శబ్దాన్ని పెంచి స్పీకర్‌కు పంపే చిప్‌ను, మూడుసార్లు మార్చాడు. మూడుసార్లూ స్పీకర్‌లో గుయ్ మనే మోత, దాని వెనక ఎక్కడో బావి అడుగు నుంచి వస్తున్నట్టు చిటపటలు. అంతకుమించి ఏమీ లేదు.

గేమ్ స్ట్రీట్ ఫైటర్ 2, ఛాంపియన్ ఎడిషన్. కాప్‌కామ్ అసలు ఆటను 1991లో, ఈ ఎడిషన్‌ను 1992లో విడుదల చేసింది. నా చేతికి వచ్చినది కంపెనీ బోర్డు కాదు, ఎవరు చేశారో తెలియని నకలు. ఆ రోజుల్లో మన ఊళ్ల అంగళ్లలో ఇలాంటి నకలు బోర్డులు బాగా తిరిగేవి. నకలే అయినా సౌండ్ భాగం మాత్రం అసలు బోర్డు దారిలోనే నడిచింది. సౌండ్ పనులన్నీ చూసుకునే చిన్న ప్రాసెసర్ జడ్80. సంగీతం పుట్టించేది యమహా వైఎం2151. ఆ చిప్ అంకెల రూపంలో ఇచ్చే సంగీతాన్ని విద్యుత్ తరంగంగా మార్చేది వైఎం3012. దెబ్బల చప్పుళ్లు, "ఫైట్" అనే కేక, "హడోకెన్" అనే అరుపు వంటివన్నీ రికార్డు చేసిన శబ్దాలు. వాటిని చదివి వినిపించేది ఓకీ కంపెనీ ఎంఎస్ఎం6295. ఈ రెండు దారులూ ఆపాంప్ అనే చిన్న ఐసీ దగ్గర కలిసి, వాల్యూమ్ కంట్రోల్ దాటి, టీడీఏ2003 అనే అయిదు కాళ్ల యాంప్ ఐసీ ద్వారా స్పీకర్‌కు చేరతాయి.

సంగీతం ఒక దారి, మాట ఇంకో దారి. ఈ ఒక్క సంగతిని మొదటి నుంచీ గట్టిగా పట్టుకుని ఉంటే నాకు వారం రోజులు, ఒక చెన్నై ప్రయాణం మిగిలేవి.

ముందు కరెంటు. ఇలాంటి బోర్డుల అంచున 56 కాంటాక్టుల కనెక్టర్ ఉంటుంది. 1985లో జపాన్ తయారీదారుల సంఘం ఖరారు చేసిన జామా పద్ధతి అది. దాని పుణ్యమా అని ఆ పద్ధతిలో చేసిన గేమ్ బోర్డును అదే పద్ధతి మెషీన్ దేనిలోనైనా దూర్చవచ్చు. అందులో పదో కాలు, దాని వెనకవైపు ఎల్ కాలు స్పీకర్‌కు పోతాయి. నా బల్ల మీది స్విచ్చింగ్ సప్లయికి తగిలిస్తే కనెక్టర్ దగ్గర 5.02 వోల్టులు, బోర్డు అవతలి మూలన 4.71. మురికి పట్టిన అంచును రబ్బరుతో తుడిచి, స్పిరిట్ పెట్టి, సప్లయిని కొంచెం పెంచాక అవతలి మూలన 4.95 నిలబడింది. యాంప్‌కు వెళ్లే 12 వోల్టులు సరిగానే ఉన్నాయి.

ఇక్కడే మొదటి ఆశ్చర్యం. నా బల్ల మీద గుయ్ మనే మోతే లేదు. అంటే మోత బోర్డుది కాదు, ఆయన మెషీన్‌లోని పాత ట్రాన్స్‌ఫార్మర్ సప్లయిది. ఫోను చేసి సప్లయిని కూడా పంపమన్నాను. అందులో 4700 మైక్రోఫారడ్ ఫిల్టర్ కెపాసిటర్ నెత్తి ఉబ్బి కూర్చుంది. మారిస్తే ఆ సంగతి తీరిపోయింది. మోత, నిశ్శబ్దం రెండూ ఒకే జబ్బని అందరూ అనుకున్నారు. నేనూ మొదటి పది నిమిషాలు అలాగే అనుకున్నాను.

యాంప్ విషయానికి వద్దాం. టీడీఏ2003లో ఒకటో కాలు ఇన్‌పుట్, రెండోది ఫీడ్‌బ్యాక్, మూడోది గ్రౌండ్, నాలుగోది అవుట్‌పుట్, అయిదోది సప్లయి. శబ్దం లేనప్పుడు నాలుగో కాలు సుమారు సగం వోల్టేజీ దగ్గర నిలబడాలి. ఇక్కడ 11.9కి 5.8 ఉంది, అంటే ఐసీ ఆరోగ్యంగానే ఉంది. కానీ ఒకటో కాలిని స్క్రూడ్రైవర్‌తో తాకితే వినపడవలసిన పెద్ద బుర్రుమనే చప్పుడు లేదు, దోమ పాటంత వచ్చింది. చిత్తూరు మెకానిక్ ఇది చూసే యాంప్ పోయిందని మూడుసార్లు మార్చి ఉంటాడు. అతన్ని తప్పు పట్టలేను. ఆ పరీక్షలో ఎవరికైనా తోచేది అదే.

అయితే ఈ ఐసీ ఎంత పెంచాలన్నది బయటి భాగాలు నిర్ణయిస్తాయి. అవుట్‌పుట్ నుంచి రెండో కాలికి 220 ఓములు, అక్కడి నుంచి గ్రౌండుకు 2.2 ఓములు. ఈ రెంటి నిష్పత్తి వల్ల శబ్దం సుమారు వంద రెట్లవుతుంది. రెండో కాలికీ ఆ చిన్న రెసిస్టర్‌కూ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి ఉంటుంది. అది ఎండిపోతే ఆ 2.2 ఓములు ఉన్నా లేనట్టే, వంద రెట్లు కాస్తా ఒక రెట్టు దగ్గరికి దిగిపోతుంది. ఐసీ బతికే ఉంటుంది, సగం వోల్టేజీ సరిగానే చూపిస్తుంది, శబ్దం మాత్రం పెరగదు. దాన్ని ఊడదీసి మీటర్‌లో పెడితే 6 మైక్రోఫారడ్లు చూపించింది. స్పీకర్‌కు వెళ్లే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా 300కి దిగింది. రెంటినీ 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకంతో మార్చాను. స్క్రూడ్రైవర్ తాకించగానే బల్ల అదిరింది.

నాణెం బటన్ నొక్కి ఆట మొదలుపెట్టాను. "ఫైట్" అన్న కేక అంగడి బయట టీ తాగుతున్నవాళ్లు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా వినిపించింది. దెబ్బల చప్పుళ్లు, అరుపులు, అన్నీ ఉన్నాయి. పాట మాత్రం లేదు. మూకీ సినిమాకు ఎవరో అరుపులు మాత్రమే అతికించినట్టుంది.

ఈ పనికి నా దగ్గర ఉన్న మంచి పనిముట్టు విద్యుత్ తరంగాన్ని తెర మీద గీసి చూపే స్కోపు కాదు, పాత టేప్‌రికార్డర్ యాంప్ ఒకటి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, చిన్న స్పీకర్, షీల్డు వైరు కొసన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దానికి కుట్టుసూది. సూదిని ఏ కాలికి ఆనిస్తే అక్కడి శబ్దం వినిపిస్తుంది. ఓకీ చిప్ అవుట్‌పుట్ మీద పెడితే అరుపులు స్ఫుటంగా వచ్చాయి. వైఎం3012 అవుట్‌పుట్ల మీద పెడితే బ్యాటరీ గుసగుస తప్ప ఏమీ లేదు.

అక్కడితో వైఎం2151 చచ్చిపోయిందని తీర్మానించేశాను. అది నా తప్పు. మర్నాడు ఉదయం బస్సెక్కి చెన్నై వెళ్లాను. మౌంట్ రోడ్డు దగ్గరి రిచీ స్ట్రీట్‌లో అడగగా అడగగా ఒక చోట ఆ చిప్ దొరికింది. 650 రూపాయలు. 24 కాళ్లు, తళతళలాడే తెల్లటి అక్షరాలు. తయారీ ఎప్పుడో ఆగిపోయిన చిప్ మీద అక్షరాలు నిన్న అచ్చువేసినట్టు ఉంటే అనుమానించాలి. ఎండలో తిరిగిన అలసటలో దొరకడమే అదృష్టం అనుకున్నాను.

పాత చిప్‌ను జాగ్రత్తగానే ఊడదీశాను. ముప్పై ఏళ్ల బోర్డు మీద వేడి ఎక్కువైతే రాగి చుట్టు కాలితో పాటే ఊడి వస్తుంది. అందుకని ప్రతి కాలికీ ముందు కొత్త సోల్డర్ పట్టించి మెత్తబరిచి, ఆ తర్వాత పీల్చాను. ఖాళీలో సాకెట్ పెట్టాను. ఆ సాకెట్ పెట్టాలన్న బుద్ధి పుట్టడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని. కొత్త చిప్ గుచ్చి కరెంటు ఇచ్చాను.

ఇప్పుడు పాట లేదు సరే, మాట కూడా పోయింది.

చాలాసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాను. నేను మార్చింది సంగీతం చిప్‌ను. అరుపులు వచ్చేది ఓకీ నుంచి. అవి ఎందుకు ఆగాలి? స్కోపును జడ్80 మీద పెడితే గడియారం, అంటే చిప్‌ను నడిపించే క్లాక్ పల్సులు, నడుస్తోంది, అడ్రసు కాళ్లు కదులుతున్నాయి, కానీ ప్రాసెసర్‌ను తట్టి పిలిచే అంతరాయం (ఇంటరప్ట్) కాలు మాత్రం కదలకుండా పై వోల్టేజీ దగ్గరే బిగుసుకుపోయి ఉంది. ఆ తీగను వెనక్కి పట్టుకుని వెళ్తే వైఎం2151 రెండో కాలి దగ్గర తేలాను. అక్కడ అర్థమైంది. ఈ చిప్ సంగీతం ఒక్కటే కాదు, లోపలి టైమర్ ద్వారా జడ్80కి కచేరీలో వేసినట్టు తాళం కూడా వేస్తుంది. తాళం పడిన ప్రతిసారీ జడ్80 లేచి, ప్రధాన ప్రాసెసర్ నుంచి ఏమైనా ఆజ్ఞ వచ్చిందా అని చూసి, పాటకు తరవాతి స్వరం రాసి, అరుపు కావాలంటే ఓకీకి చెబుతుంది. తాళం లేకపోతే ఈ బోర్డులో పాటా లేదు, మాటా లేదు.

అంటే పాత చిప్ ఉన్నప్పుడు అరుపులు వినిపించాయంటే తాళం పడుతూనే ఉందన్నమాట. తాళం వేస్తున్న చిప్‌ను చచ్చిపోయిందని తీసి పక్కన పెట్టాను. ఆ కబురు "ఫైట్" అన్న మొదటి కేకలోనే ఉంది. చెవిన పడింది కానీ బుర్రకు ఎక్కలేదు.

కొత్త చిప్ నెత్తిన దూదితో అసిటోన్ రుద్దాను. అక్షరాలతో పాటు నల్లటి పూత కూడా దూదికి అంటుకుంది. అడుగున అరగదీసిన గీతలు, వాటి మధ్య వేరే ఏదో చిప్ అంకెలు సగం సగం. చెన్నై ప్రయాణంతో మిగిలింది ఆ దూది ఉండ.

పాత చిప్‌ను సాకెట్‌లో తిరిగి పెడితే అరుపులు వచ్చేశాయి. ఇక స్కోపుతో వరసగా వెళ్లాను. 24వ కాలికి గడియారం 3.58 మెగాహెర్ట్జ్. అమెరికా, జపాన్ కలర్ టీవీల్లో వాడిన క్రిస్టల్ అదే కాబట్టి చవకగా దొరికేది, అందుకే ఇలాంటి బోర్డుల్లో తరచూ అదే కనిపిస్తుంది. 23వ కాలి నుంచి అందులో సగం, 1.79 మెగాహెర్ట్జ్ బయటికి వస్తోంది. 21వ కాలు సంగీతం అంకెలు వరసగా బయటికి నడిచే చోటు. టెస్ట్ మోడ్‌లో పాట మొదలుపెడితే అక్కడ గుత్తులు గుత్తులుగా పల్సులు కదిలాయి. చిప్ పాడుతూనే ఉంది. దాన్నుంచి మూడు అంగుళాల దూరంలో ఉన్న వైఎం3012 డేటా కాలి మీద మాత్రం గీత చదునుగా ఉంది.

బోర్డు పీకి, మీటర్‌ను కంటిన్యుటీలో, అంటే దారి తెగకుండా ఉంటే బీప్ మోగించే అమరికలో పెట్టి, ఒక ముల్లు 21వ కాలికి, ఇంకోటి అక్కడికి ఆనించాను. బీప్ లేదు. ట్రాక్ వెంట కొంచెం కొంచెంగా ముల్లు జరుపుకుంటూ వెళ్తే ఒక చోట మోగడం ఆగింది. రెండు కెపాసిటర్ల నడుమ, పై పొర నుంచి కింది పొరకు ట్రాక్ దిగే చిన్న రంధ్రం అది. భూతద్దం కింద చూస్తే ఆవగింజంత పచ్చటి మచ్చ, చిలుము. పక్కనే పచ్చపూత మీద తెల్లటి మరక ఆనవాలు. మిద్దె మీద ఉన్నన్నాళ్లూ ఏదో బల్లి అక్కడ కాపురం పెట్టి ఉంటుంది. బల్లి రెట్టకు వానాకాలం తేమ తోడైతే రాగిని నెమ్మదిగా తినేస్తుంది. మొదటి రోజు బోర్డు కడిగినప్పుడు తెల్లటి భాగం పోయి, అడుగున జరిగిన నష్టం కంటికి ఆనకుండా మిగిలింది. దుమ్ము పట్టిన బోర్డు వస్తే ముందు కడగడం నా అలవాటు. ఇప్పుడు కడగకముందే ఫోనుతో రెండువైపులా ఫోటోలు తీస్తున్నాను.

చిలుమును బ్లేడు కొసతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, 21వ కాలి నుంచి డేటా కాలికి వెంట్రుకలాంటి 30 గేజి తీగ ఒకటి కింది వైపు నుంచి వేశాను. మొదటిసారి పాట వినిపించింది. వాల్యూమ్ తిప్పితే కరకరలాడింది కాబట్టి ఆ కంట్రోల్‌ను కూడా మార్చేశాను.

పెద్దాయనకు ఫోను చేద్దామనుకుని, ఎందుకైనా మంచిదని మధ్యాహ్నమంతా నడవనిచ్చాను. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం అంటే బోర్డును వేరే ఓవెన్‌లో పెట్టి పరీక్షించనక్కరలేదు. నలభై నిమిషాలకు ఏదో తేడా వినిపించింది. పాట బాగానే ఉంది. అరుపులు మాత్రం జలుబు చేసినట్టు లావుగా, ఈడ్చినట్టు వస్తున్నాయి. ఫ్యాన్ కింద పెడితే కాసేపటికి మామూలయ్యాయి. మళ్లీ వేడెక్కితే మళ్లీ లావు గొంతు.

అప్పుడే మా అమ్మాయి అన్నం క్యారియర్ తీసుకుని వచ్చింది. సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. రెండు మూడుసార్లు విని, "నాన్నా, పాట శ్రుతి కదలలేదు. ఆ అరుపు మాత్రం గాంధారం నుంచి షడ్జానికి దిగింది" అంది. ఏ గాంధారం అని అడిగాను. "అంతర గాంధారం. కల్యాణిలో వచ్చేది" అని, క్యారియర్ మూతలు తీసి సర్దుతూనే ఆ రెండు స్వరాలూ పాడి చూపించింది.

షడ్జానికీ అంతర గాంధారానికీ నిష్పత్తి నాలుగుకు అయిదు. ఓకీ చిప్ వివరాల కాగితంలో అదే నిష్పత్తి ఉంది. ఎంఎస్ఎం6295కు ఏడో కాలి వోల్టేజీ పైన ఉంటే గడియారాన్ని 132తో భాగించి ఆ వేగంతో శబ్దాన్ని చదువుతుంది. కింద ఉంటే 165తో భాగిస్తుంది. గడియారం ఒక మెగాహెర్ట్జ్ అయితే మొదటిది సెకనుకు 7575 నమూనాలు, రెండోది 6060. 132కూ 165కూ నిష్పత్తి సరిగ్గా నాలుగుకు అయిదు. గడియారమే తగ్గితే ఏదో ఒక అడ్డదిడ్డమైన శ్రుతికి జారేది, లెక్కగా గాంధారం నుంచి షడ్జానికి దిగదు. అయినా కొలిచాను. గడియారం ఒక మెగాహెర్ట్జ్ దగ్గర చలించకుండా ఉంది. ఏడో కాలు మాత్రం చల్లగా ఉన్నప్పుడు 3.6 వోల్టులు, వేడెక్కాక 0.7.

ఆ కాలును నడిపేది పక్కనే ఉన్న 74ఎల్ఎస్74 అనే చిన్న లాజిక్ చిప్. స్పిరిట్‌లో నిండా తడిపిన దూది దానికి అంటించగానే గొంతు గాంధారానికి ఎక్కింది. దూది తీసి సోల్డరింగ్ ఐరన్‌ను దగ్గరగా పట్టుకుంటే షడ్జానికి దిగింది. నాలుగుసార్లు ఎక్కించి దించాను. మూడోసారికే నమ్మకం కలిగింది, నాలుగోది సరదాకు. దాని ఇన్‌పుట్ కాళ్లన్నీ స్థిరంగానే ఉన్నాయి కాబట్టి తప్పు చిప్ లోపలే. ఆ చిప్ కోసం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు, నా డబ్బాలోనే ఉంది. ఈసారి మార్చేముందు దూదితో రుద్ది చూశాను.

తరవాత రెండు రోజులు, రోజుకు ఆరు గంటల చొప్పున నడిపాను. సందులోని పిల్లలు వరస కట్టి పరీక్షించారు, ఆ విషయంలో వాళ్ల ఓపిక నాకు లేదు. ఒక్కటి మాత్రం అలాగే వదిలేశాను. పాటతో పోలిస్తే అరుపులు కొంచెం గట్టిగా ఉన్నాయి. కలిపే చోట రెసిస్టర్ విలువ మారిస్తే సరిపోతుంది, కానీ నకలు చేసినవాళ్లు పెట్టిన పాళ్లు అవే అయి ఉండవచ్చు. పెద్దాయనను అడిగితే "మా అంగట్లో కూడా అరుపులే రోడ్డు దాకా వినిపించేవి నాయనా, ఉండనీ" అన్నారు.

బిల్లులో చెన్నై చిప్ ధర వేయలేదు. ఆయన బోర్డును అదే మామిడి పెట్టెలో, ఈసారి గడ్డి లేకుండా, పాత బనియన్లలో చుట్టి పెట్టుకున్నారు. తీసుకెళ్లే ముందు యాంప్ పక్కన ఖాళీ జాగాలో చిన్న కాగితం అతికించి, ఎర్ర ఇంకుతో మూడు వరసలు రాశాను: సప్లయి 5.1 వోల్టులకు మించవద్దు. స్పీకర్ 8 ఓములు. యాంప్ ఐసీ మార్చవద్దు.